కొండ, గరువు, పల్లం, బీల, సముద్రం: మన జిల్లాల తిండి దేని మీద నిలబడింది?

టెక్కలి మాస్టారు

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతుంటాను. బయోమ్‌ల (వాతావరణాన్నిబట్టి ఏర్పడే అడవి, గడ్డిభూమి లాంటి ప్రకృతి మండలాల) పాఠం వచ్చిన ప్రతిసారీ నాకు ఒక వెలితి. పుస్తకంలో అమెజాన్ అడవి ఉంటుంది, సహారా ఉంటుంది, టండ్రా, ప్రెయిరీ గడ్డిభూములు ఉంటాయి. పిల్లలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఒక నేల మీద ఎంత వాన పడుతుంది, దాన్నిబట్టి ఏ చెట్టు బతుకుతుంది, ఆ చెట్టు కింద ఎలాంటి మట్టి తయారవుతుంది, ఆ మట్టిలో ఏ పంట నిలుస్తుంది, చివరికి కంచంలో ఏం పడుతుంది అన్న గొలుసు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ గొలుసు కళ్ళముందే ఉంది. మందసలో నిలబడి వాయవ్యానికి చూస్తే ఒడిశా సరిహద్దు అవతల 1,500 మీటర్ల మహేంద్రగిరి. అక్కడ పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ కాస్త దూరంలోనే కొండ అడవి, గరువు అనే మెట్ట, పల్లపు మడి, బీల అనే చిత్తడి నేల, ఇసుక తోటలు, సముద్రం అన్నీ ఉన్నాయి. ఒక చోట పంట పోతే ఇంకో చోట ఏదో ఒకటి దొరికేది. నా దృష్టిలో తిండి భద్రత అంటే అదే. ఆ తేడాలన్నీ చెరిపేసి అంతటా ఒకటో రెండో పంటలు పెట్టుకుంటూ పోతున్నామని నా బాధ. మీ మీ ఊళ్ళలో ఎలా ఉందో రాయండి, పిల్లలకు ఆ ఉదాహరణలే చెబుతాను.

నాగావళి ఒడ్డు

మాస్టారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసింది రాస్తాను.

మనది ఆకురాల్చే అడవి నేల. ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది గాని, దాదాపు అంతా జూన్ నుంచి అక్టోబరు లోపే. తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు. అందుకే మన కొండల్లో చెట్లు మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చి నీళ్ళు ఆదా చేసుకుంటాయి. ఆ రాలిన ఆకే తొలకరికి కుళ్ళి మట్టిలో కలుస్తుంది, గెడ్డల్లో (కొండవాగుల్లో) కొట్టుకొచ్చి కింది చెరువుల్లో ఒండ్రవుతుంది. పూర్వం వేసవిలో చెరువు మట్టి తవ్వి పొలాలకు తోలుకునేవారు. అడవి ఎరువు మడికి చేరే దారి అదే.

మిగతా ప్రపంచంతో పోల్చి చూడండి. ఉక్రెయిన్, రష్యా మైదానాల్లో వేల ఏళ్ళు గడ్డి పెరిగి, ఎండి, వేళ్ళతో సహా కుళ్ళి నల్లమట్టి తయారైంది. చలికి ఆ కుళ్ళు త్వరగా కరిగిపోదు. అందుకే అక్కడ గోధుమ, పొద్దుతిరుగుడు అంత బలంగా వస్తాయి. అమెజాన్, ఇండోనేషియా లాంటి చోట్ల నిత్యం వాన, వేడి. పచ్చగా కనిపిస్తాయి గాని సారమంతా చెట్లలోనే ఉంటుంది. మట్టిలో మిగిలేది తక్కువ. చెట్టు కొడితే రెండు మూడు పంటలకే చాలాచోట్ల నేల చతికిలబడుతుంది. మన నేల ఈ రెంటికీ మధ్యది. ఆకూ పేడా వేసి చూసుకుంటే పండుతుంది, పట్టించుకోకపోతే ఎర్రమట్టి రాయిలా గట్టిపడిపోతుంది.

చీపురుపల్లి నుంచి

మాస్టారికి నమస్కారం. ఒక్కమాట నిష్ఠూరంగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ పాతకాలపు వైవిధ్యం గురించి వినడానికి బాగుంటుంది. ఆ కాలంలో మా ఇంట్లో ఏటి తిన్నారో మా అమ్మ చెప్పేది. పొద్దున్న చోడి (రాగి) అంబలి, రాత్రి గంటి (సజ్జ) అంబలి, పండక్కి అన్నం. వాన తప్పితే అదీ నేదు. కూలోళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగని పూటలుండేవి.

ఆకలి తగ్గించింది కాలువ నీళ్ళు, స్వర్ణ లాంటి వరి రకాలు, రేషను బియ్యం. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకైతే 35 కిలోలు. 2023 జనవరి నుంచి కేంద్రం అది ఉచితంగానే ఇస్తోంది. చెన్నై, విజయవాడ వలసపోయిన కుటుంబాల్లో ఊళ్ళో ఉండిపోయిన ముసలోళ్ళు ఆ బియ్యం మీదే బతుకుతున్నారు. వరిని తక్కువ చేసి మాట్లాడకండి.

సీతంపేట అక్క

చీపురుపల్లి అన్నయ్యా, మీ మాట నిజమే. రేషను బియ్యం మా కొండ ఊళ్ళలో కూడా ఆకలి తీర్చింది. దాన్ని ఎవరూ కాదనరు. మా ఏజెన్సీ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గాని సంతలు, బంధుత్వాలు అన్నీ పాతవే, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మహిళా సంఘాల్లో, ప్రకృతి వ్యవసాయంలో తిరుగుతుంటాను.

కొండపోడులో సవర, జాతాపు పెద్దవాళ్ళు ఒకే చెక్కలో సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, అనప, బొబ్బర కలిపి చల్లుతారు. బయటివాళ్ళకి గజిబిజిగా కనిపిస్తుంది. దగ్గరుండి చూస్తే ఒక లెక్క ఉంటుంది. సామ అన్నిటికంటే ముందు కోతకొస్తుంది. పాత గింజలు అయిపోయి ఇల్లు ఖాళీగా ఉండే వానాకాలంలో మొదట చేతికొచ్చే తిండి అదే. తర్వాత కొర్ర, చోడి. జొన్న వెనకాల. కంది సంక్రాంతి దాటాక కూడా నిలబడే ఉంటుంది, దాని వేరు లోతు. అనప తీగ జొన్న కర్ర పట్టుకుని పాకుతుంది. వాన ముందే ఆగిపోతే జొన్న పోవచ్చు, సామ అప్పటికే గాదెలో ఉంటుంది. వాన ఆలస్యమైతే సామ దెబ్బతింటుంది, కంది ఆదుకుంటుంది. అన్నీ ఒకేసారి పోవడం చాలా అరుదు.

దీనికి తోడు అడవి. చింతపండు, అడ్డాకు, కొండచీపురు, తేనె, దుంపలు. ఈ సరుకు కొన్నిటిని గిరిజన సహకార సంస్థ కొంటుంది, మిగతాది సంతలో అమ్ముకుంటారు. ఇప్పుడు పోడు చెక్కలు చాలావరకు జీడిమామిడి, పైనాపిల్ అయ్యాయి. డబ్బు వస్తోంది, సంతోషమే. కానీ గింజ ఇంట్లో లేదు. జీడిపూత మీద మంచు పడి మాడిపోయిన ఏడాది బియ్యం తప్ప ఇంకేమీ ఉండదు.

బొబ్బిలి కుర్రాడు

అక్కా, పోడు వల్లే అడవి పోతోందని కదా అంటారు?

సీతంపేట అక్క

తమ్ముడూ, పూర్వం ఒక చెక్క రెండు మూడేళ్ళు చేసి, ఎన్నో ఏళ్ళు వదిలేసేవారు. అడవి మళ్ళీ కమ్ముకునేది, ఆకు రాలి సారం తిరిగొచ్చేది. జనం పెరిగి, తిరిగే జాగా తగ్గాక ఆ వదిలే ఏళ్ళు కుదించుకుపోయాయి. అప్పుడు మట్టి కొట్టుకుపోవడం నిజమే. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినవాళ్ళు ఇప్పుడు ఒకేచోట స్థిరంగా చేస్తున్నారు, రాతి గట్లు కట్టుకుంటున్నారు. ఆ చెక్కల్లో పండ్లచెట్ల మధ్య కంది, సామ వేయించాలని నేను ఊరూరా అడుగుతున్నాను. కొందరు వింటున్నారు.

ఉద్దానం తోట

మాది కవిటి వైపు. మాస్టారు ఇసుక తోటలన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా ఉద్దానం అంటే బయటివాళ్ళకి కొబ్బరి, జీడి, పనస. ఇసుక నేల, ఉప్పుగాలి, నేల కింద పైపైనే మంచినీటి పొర. ఆ నేలకు తగ్గ చెట్లివి. తీరం పొడుగునా మొగలి పొదలు, సరుగుడు ఇసుకను ఆపేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గురించి అందరికీ తెలుసు. తర్వాత జరిగింది మాత్రం వార్తల్లో పెద్దగా రాలేదు. పడిపోయిన చెట్లు కళ్ళకు కనిపించాయి, లెక్కలకెక్కాయి. నిలబడ్డ చెట్లలో చాలావాటికి మొవ్వు మెలితిరిగిపోయింది. చెట్టు పచ్చగానే ఉంది, గెల వేయదు. వేసినా పిందె రాలిపోతుంది. కొత్త మొక్క పెడితే నాటురకం కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు. అన్నేళ్ళు ఆ ఇల్లు ఏం తినాలి?

అక్కడే తేడా తెలిసింది. కొబ్బరి కింద కంద, అరటి, పసుపు వేసుకున్నవాళ్ళు మరుసటి ఏడాదికే కొంచెం లేచి కూర్చున్నారు. కంద భూమిలో ఉంటుంది, దానికి గాలితో పనిలేదు. ఒట్టి కొబ్బరి, ఒట్టి జీడి పెట్టుకున్నవాళ్ళు హైదరాబాదు బస్సెక్కారు. మా పక్కింటివాళ్ళూ వెళ్ళారు, ఇప్పటికీ రాలేదు.

విజయనగరం ఇల్లాలు

నాకు పొలం లేదు. ఫోర్టు దగ్గర అద్దింట్లో ఉంటాం, నెల సరుకులు కొనుక్కుని తినేవాళ్ళం. కాని ఈ చర్చ నా వంటింటి గురించే అనిపించింది.

2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలవగానే మా వీధి కొట్లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్లు కరువయ్యాయి. సరే పామాయిలు కొందామంటే ఏప్రిల్ ఆఖర్లో ఇండోనేషియా ఎగుమతులు ఆపేసింది, మే చివరిదాకా అదే పరిస్థితి. ఎక్కడో చలిదేశపు గడ్డిమైదానంలో యుద్ధం, ఎక్కడో వానల అడవి కొట్టి వేసిన తోటల మీద నిషేధం, ఇక్కడ విజయనగరంలో నేను పులుసులోకి తిరగమోత తగ్గించాను. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోందట. మన మెట్టల్లో నువ్వులు, వేరుశనగ పండేవి కదా? మా అత్తగారింట్లో గానుగ నూనె తప్ప ఇంకోటి ఎరగరు. అవి ఎందుకు తగ్గిపోయాయో రైతులు ఎవరైనా చెప్పండి.

నాగావళి ఒడ్డు

అమ్మా, నూనె ఒక్కటే కాదు. మన మడికి వేసే పొటాష్ కూడా కెనడా, రష్యా, బెలారస్ లాంటి దేశాల నుంచి రావాల్సిందే, మన దగ్గర గనులు లేవు. రేషను గింజ ఇక్కడే పండినా దాని ఎరువు ఓడల మీదే వస్తోంది. చీపురుపల్లి వారు గమనించాల్సింది ఇదే.

మెంటాడ గరువు

అమ్మగారు అడిగినదానికి నేను చెబుతాను, నేను గరువు రైతుని. మావి ఎర్రనేలలు, బోరు ఉంటే ఉంది, లేకపోతే వానే దిక్కు. మా నాయన కాలంలో గరువులో చోడి, గంటి, నువ్వు, వేరుశనగ, ఉలవ, గోగు మార్చిమార్చి వేసేవారు. ఇప్పుడు మా చుట్టుపక్కల మొక్కజొన్న, లేదంటే నీలగిరి, సరుగుడు.

రైతుకి బుద్ధిలేక కాదు. నువ్వు పూత మీద రెండు వానలు పడితే పంట పోతుంది. వేరుశనగ తవ్వాలన్నా కాయ కోయాలన్నా కూలోళ్ళు దొరకరు, దొరికితే ఆ ధరకి గిట్టదు. గోగు ఊరవేయడానికి బందలో నీళ్ళుండాలి, నడుంలోతు నీళ్ళలో నిలబడి నార తీసేవాళ్ళు ఉండాలి. ఆ పని చేసిన తరం అయిపోయింది. మొక్కజొన్నకి కొనేవాడు కళ్ళంలోకే వస్తాడు, కోళ్ళ మేతకి పోతుంది. నీలగిరి పెడితే నాలుగైదేళ్ళు పొలం వైపు చూడక్కర్లేదు, వలసపోయినోడికి అదే సుఖం. అందులో తినే గింజ ఒక్కటీ లేదన్న మాట మాత్రం నిజం. పైగా 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు మొక్కజొన్నలో దూరాక మందుల ఖర్చు రెట్టింపయ్యింది. సుడిలో కూర్చుంటుంది, పైన కొట్టిన మందు దానికి తగలదు.

నీలగిరి తోట పక్క బావిలో నీళ్ళు ముందు ఎండిపోతాయని మా ఊరందరి అనుభవం. దాని కింద గడ్డి సరిగ్గా మొలవదు, పశువులకి మేత లేదు. పశువులు తగ్గితే పేడ తగ్గింది, పేడ తగ్గితే నేల గట్టిపడింది.

చీపురుపల్లి నుంచి

మెంటాడ అన్నయ్య నిజం చెప్పారు. అదే నా మాట కూడా. గిట్టుబాటు లేనప్పుడు వైవిధ్యం కావాలని రైతుకి చెప్పి లాభం ఏటి? ధర ఇచ్చి, కొనే మనిషిని చూపించండి, ఎవరు వద్దంటారు.

పాతపట్నం పల్లం

మెట్ట గురించే రాస్తున్నారు, మా వంశధార పల్లం సంగతి కూడా వినండి. గొట్టా బ్యారేజీ కాలువ కింద మాది. వరి ఒక్కటే పంట అనుకుంటారు గాని మా ఇళ్ళలో పప్పు ఎక్కడిదనుకున్నారు? వరి కోసేముందు అదే మడిలో మినుము, పెసర చల్లుతాం. ఒక్క తడి పెట్టకుండా, నేలలో మిగిలిన చెమ్మ మీద, రాత్రి కురిసే మంచు మీద ఆ పంట వచ్చేస్తుంది.

ఎప్పుడు చల్లాలన్నది మా తాత పాదంతో చెప్పేవాడు. చెప్పుల్లేకుండా మడిలో దిగి అడుగు వేస్తాడు. కాలు తీస్తే అడుగు జాడ స్పష్టంగా పడాలి, జాడలో నీరు ఊరకూడదు, బురద కాలికి అంటుకుని రాకూడదు. అప్పుడు విత్తనం జల్లి, రెండు మూడు రోజుల్లో వరి కోసి పనలు వేసేస్తారు. కొడవలి కోతకి మినుము మొక్కకి దెబ్బ తగలదు. వరి వేళ్ళు కుళ్ళుతుంటే ఇది లేస్తుంది, తన వేళ్ళ బుడిపెల్లో నత్రజని నిలబెట్టి మళ్ళీ వరికి వదిలిపోతుంది.

ఇప్పుడు కాలువ నీళ్ళు ఆలస్యంగా వదులుతారు. ఉభాలు (నాట్లు) ఆగస్టు దాటిపోతాయి. కోత డిసెంబరు చివరికి. అప్పటికి చెమ్మ పోతుంది. పైగా కోత యంత్రం దిగితే చల్లిన గింజ చక్రాల కింద పచ్చడి. అందుకని చాలామంది మినుము మానేసి మడి ఖాళీగా వదిలేస్తున్నారు. కందిపప్పు, మినప్పప్పు కొట్లో కొంటున్నాం, పల్లంలో పుట్టినవాళ్ళం.

నాగావళి ఒడ్డు

పాతపట్నం వారు చెప్పింది నేను ఉద్యోగంలో ఉండగా ప్రతి సమావేశంలో చెప్పిన మాట. మిషను కోత అయితే, కోసిన వెంటనే గడ్డి పక్కకు తీసి, చెమ్మ ఉండగానే విత్తనం గొర్రుతో వేసుకోవచ్చు. ఎకరాకు మినుము 16 కిలోలు తగ్గించకండి, ఒత్తుగా ఉంటేనే కలుపును అణుస్తుంది. పల్లాకు తెగులు తట్టుకునే రకం ఎంచుకోండి. తెల్లదోమ ఒక్క ఏడాదిలో పొలమంతా పసుపు చేసేస్తుంది.

బీల గట్టు

మాది సోంపేట. ఈ వరసలో మా బీల పేరు లేకపోతే నేను ఊరుకోలేను.

సోంపేట, కంచిలి, కవిటి మధ్యన ఉన్న ఆ చిత్తడి నేలని ప్రభుత్వ కాగితాల్లో పనికిరాని భూమి అన్నారు. కొండ మీద పడిన వాన అక్కడికొచ్చి ఆగుతుంది. వానాకాలం చేపలు, కలువ దుంపలు, పశువుల మేత. నీరు తీశాక అంచుల్లో వరి. వేసవిలో చుట్టుపక్కల బావులు ఎండకపోవడానికి కారణం అదే. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామంటే రైతులు, మత్స్యకారులు కలిసి ఎదిరించారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనవాళ్ళ ప్రాణాలు పోయాయి. ఆ రోజే ఢిల్లీలో పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రం అనుమతి రద్దు చేసింది. మరుసటి ఏడాది కాకరాపల్లి తంపర దగ్గరా ఇదే గొడవ, ఇవే కాల్పులు. తంపర అన్నా బీల అన్నా నీళ్ళు నిలిచే నేలే. తిండి పెట్టే నేలని బంజరు అని రాసుకుంటే ఏమవుతుందో మేం రక్తంతో నేర్చుకున్నాం.

మాస్టారూ, పిల్లల్ని ఒకసారి తేలుకుంచి తీసుకెళ్ళండి. చింతచెట్ల మీద నత్తగుల్ల కొంగలు గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటి మీద రాయి వేయనివ్వరు. అవి మడుల్లో నత్తల్ని ఏరి తింటాయి. చెట్టు, కొంగ, నత్త, వరి ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉన్నాయో అక్కడ నిలబడితే పాఠం అక్కర్లేకుండా తెలుస్తుంది.

భావనపాడు అల

చెన్నైలో ఉంటన్నాను, ఊరు భావనపాడు పక్కన. మా నాయిన ఏటకెళ్ళేవోడు. మా జిల్లాకి రాష్ట్రంలోనే పొడుగు తీరం ఉంది, కాని హార్బరు నేక మావోళ్ళు గుజరాత్ ఏరావల్ పోయి కూలికి ఏట చేస్తన్నారు.

మీరు కొండ, మడి అంటన్నారు గాని చేపకి కూడా అవే కావాల. వాన నీరు మొగలోంచి (ఏరు సముద్రంలో కలిసే చోటు) సముద్రంలోకొస్తేనే ఒండ్రొస్తది, దాని మీదే చిన్నచేప బతుకుద్ది. మొగ ఇసుకతో పూడిపోతే చేప దరికి రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏట బందు, గుడ్లు పెట్టే కాలం. మంచిదే. ఆ రెండు నెలలూ మా అమ్మ ముందే ఎండబెట్టిన నెత్తళ్ళు తట్టలో పెట్టుకుని కొండ సంతలకి ఎల్లేది. డబ్బులు తక్కువ, గింజలు ఎక్కువ తెచ్చేది. చింతపండు, చోళ్ళు, కందులు. కొండోళ్ళకి చేప, మాకు గింజ. ఇప్పుడు ఆ సంతల్లో పాకెట్ సరుకే.

సీతంపేట అక్క

తమ్ముడూ, మా సంతల్లో ఎండుచేపల వరస ఇంకా ఉంది. తీరం నుంచి ఆడవాళ్ళు ఇంకా వస్తున్నారు, తక్కువమందే. ఇంకో సంగతి రాయడం మరిచాను, ఏనుగులు. 2007 నుంచి ఒడిశా అడవుల్లోంచి దిగి మా వైపు, కొమరాడ, జియ్యమ్మవలస వైపు తిరుగుతున్నాయి. అక్కడ వాటి అడవి చెదిరింది, ఇక్కడ చెరకు, అరటి, వరి దొరికింది. మనుషులూ పోయారు, ఏనుగులూ కరెంటు తగిలి పోయాయి. అడవి హద్దు కదిలితే పొలం హద్దు కూడా కదులుతుంది.

చీపురుపల్లి నుంచి

అందరివీ చదివాను. రేషను బియ్యం విషయంలో నా మాట మారదు, అది ఉండాల్సిందే. కానీ బియ్యంతో కడుపు నిండుతోంది, మా వీధిలో ఆడపిల్లలకి రక్తం చాలట్లేదని ఏఎన్ఎం అమ్మ ప్రతి నెలా చెబుతోంది. అది కూడా నిజం. నా పాయింటు ఒకటే, చోళ్ళు రేషనులో పెడితే రైతు వేస్తాడు. ప్రభుత్వం వరిని కొన్నట్టు చోడిని మద్దతు ధరకి ఊళ్ళోనే కొనాలి. సంక్షేమ హాస్టళ్ళలో, అంగన్‌వాడీల్లో మన జిల్లా చోళ్ళే వండాలి. అది అడుగుదాం.

నాగావళి ఒడ్డు

పూర్తిగా ఒప్పుకుంటాను. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం, పాలిష్ బియ్యంలో 10 దరిదాపు. పైగా విజయనగరం పరిశోధన స్థానం చిరుధాన్యాల మీద ఎంతో కాలంగా పనిచేస్తోంది. వాళ్ళిచ్చిన చోడి రకాలకు మన నదుల పేర్లున్నాయి, చంపావతి, వేగావతి. రకాలు మన గడ్డ మీదే పుట్టాయి, కొనేవాడు లేక ఆగిపోయాయి.

మెంటాడ గరువు

సార్, ఈ ఖరీఫ్‌కి ఎకరం మొక్కజొన్న తీసి చోడి వేద్దామని ఉంది. ఇంటికి సరిపడా వస్తే చాలు, మిగిలితే అమ్ముతాను. నారు పోయాలా, నేరుగా విత్తనం ఎద జల్లాలా? పిట్టల బెడద కూడా చెప్పండి.

నాగావళి ఒడ్డు

నారు పోయండి బాబూ. ఐదు సెంట్ల మడిలో 2 కిలోల విత్తనం ఎకరానికి సరిపోతుంది. ఎద జల్లితే 3 నుంచి 4 కిలోలు కావాలి, కలుపు తీయలేక చస్తారు. స్వల్పకాలిక రకమైతే మూడు వారాల నారు నాటండి, ముదరనివ్వకండి. వీలైతే అటూ ఇటూ గీతలు గీసి, గీతలు కలిసే చోట ఒక్కో మొక్క పెట్టండి. పిలకలు బాగా వస్తాయి, కలుపు తీసే దంతె తోలుకోవచ్చు. ఒక్క ఎకరమే ఊరి మధ్య వేస్తే పిట్టలన్నీ అక్కడే వాలతాయి. పక్క రైతులిద్దరినీ ఒప్పించి ఒకేసారి వేయండి. అగ్గితెగులుకి విత్తనశుద్ధి తప్పకుండా చేయండి.

సీతంపేట అక్క

మెంటాడ అన్నయ్యా, ప్రతి ఎనిమిది చోడి సాళ్ళకి రెండు సాళ్ళు కంది వేయండి. చోడి కోసేశాక కంది ఎండలో నిలబడే ఉంటుంది, ఇంటికి పప్పు వస్తుంది. గట్టు మీద అనప పెట్టండి. మా సంఘంలో నాటు కంది, అనప విత్తనం ఉంది, తొలకరికి ముందు సంతకి వస్తే ఇస్తాను.

మెంటాడ గరువు

వస్తానక్కా. పక్క పొలం అన్నదమ్ములతో మాట్లాడాను, ఒకాయన సరేనన్నాడు, ఇంకొకాయన ధర సంగతి తేలనివ్వండి అన్నాడు.